కుండలోని విషము

చదువవలసిన భాగము: 2 రాజులు 4:38–41

గిల్గాలులో కరవు. ప్రవక్తల శిష్యులకు కూర వండుటకై ఒకడు అడవికాయలు తెచ్చెను. అతనికి దురుద్దేశము లేదు. అయినను ఎరుగక వేసిన విషమును విషమే. రుచి చూచినవారు కేకవేసిరి. ఈ వృత్తాంతమునుండి మూడు సంగతులు నేర్చుకొందము.

1. విషము తెలియకయే చేరును. కేరళలోని కాసరగోడ్ జిల్లాలో జీడిమామిడి తోటలపై 1970వ దశకము చివరనుండి 2000 వరకు ఎండోసల్ఫాన్ అను పురుగుమందును హెలికాప్టర్లతో చల్లిరి. తోటల నడుమ ఇండ్లును, మూతలేని బావులును ఉండెను. గాలికి గట్టు అడ్డము కాదు గదా!

2. కేకను వినవలెను. బిడ్డలు అంగవైకల్యముతో పుట్టుచున్నారనియు, మూర్ఛలు, చర్మరోగములు హెచ్చుచున్నవనియు గ్రామస్థులు, స్థానిక వైద్యులు మొరపెట్టిరి. వాదములలో ఏండ్లు గడచెను. 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతట నిలిపివేసెను. 2017 జనవరిలో బాధితులకు ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు చెల్లింపుమని కేరళ ప్రభుత్వమును ఆదేశించెను. సొమ్ము వచ్చినను పోయిన ఆరోగ్యము రాలేదు. దీర్ఘరోగితో “ఇది నీ భ్రమ” అనుటయు, “ఇది నీ పాపఫలము” అనుటయు ఆ కేకను అణచుటయే.

3. విషమునకు విరుగుడు వెదకవలెను. విశ్వాసముతో తినుడని ఎలీషా చెప్పలేదు. ఆకలితో పొండనియు చెప్పలేదు. భోజనమును బాగుచేసి పెట్టెను. ఇట్టి ప్రయత్నము తెలంగాణలో, నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామమున జరిగెను. పత్తికి మందులు కొట్టి అప్పులపాలైన రైతులు వేపగింజల కషాయము, పచ్చిమిర్చి–వెల్లుల్లి ద్రావణము, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు చేపట్టిరి. పొదుపు సంఘముల స్త్రీలు ఇంటింట పట్టుపట్టిరి. తుదకు పంచాయతీయే పురుగుమందులు వలదని తీర్మానించెను.

ప్రియ చదువరీ, సహజ జీవనమనగా వైద్యుడిచ్చిన మందు మానుట కాదు; మనకొరకు మాత్రమే శుద్ధమైన ఆహారము కొనుక్కొనుటయు కాదు. మచ్చలేని వంకాయను మనము కోరినప్పుడు, దానికై విషమును మొదట పీల్చువాడు మందుకొట్టు కూలివాడు. మన కుండ శుభ్రమైనంత మాత్రమున చాలదు. అతని ఊపిరియు మన లెక్కలోనిదే.

ఆలోచించుడి: మీ యింట పురుగుమందు డబ్బా ఎక్కడ నున్నది? ఖాళీ డబ్బాలో నీళ్లు గాని నూనె గాని పోయుచున్నారా? మీ సంఘములో ఏ దీర్ఘరోగి మాటను ఈ వారము ఓపికగా విందురు?