జనరేటర్ మోతకు దూరమే మందు
క్యాంపింగ్‌కు వెళ్లినవారికి దీపాలు, ఫోన్ చార్జింగ్ కోసం చిన్న పెట్రోల్ జనరేటర్ అక్కరకొస్తుంది. కానీ దాని మోత నిద్ర చెడగొడుతుంది.

50 హెర్ట్జ్ విద్యుత్ ఇవ్వాలంటే సాధారణ జనరేటర్ ఇంజిన్, లోడు ఎంత తక్కువున్నా, నిమిషానికి దాదాపు 3000 సార్లు తిరగాల్సిందే. ఇన్వర్టర్ రకానికి ఆ కట్టుబాటు లేదు. లోడు తగ్గితే వేగం, దాంతోపాటు మోత తగ్గుతాయి.

ఉన్నదాంతోనే సరిపెట్టుకోవాలంటే సులువైన మార్గం దూరం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 5 మీటర్ల నుంచి 20 మీటర్లకు జరిపితే 12 డెసిబెల్స్ తగ్గినట్టే. చెవికి మోత సగానికన్నా తక్కువ అనిపిస్తుంది. కింద రబ్బరు మ్యాట్ వేస్తే నేలకు పాకే కంపనాలూ తగ్గుతాయి. గాలి గుడారం వైపు నుంచి జనరేటర్ వైపు వీచేలా చూసుకుంటే మోత, పొగ రెండూ అవతలికే పోతాయి.

మోత అణచాలని జనరేటర్‌పై దుప్పటి కప్పడం, పెట్టెలో మూయడం, గుడారంలో పెట్టడం మాత్రం ప్రమాదకరం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి తెలియకుండానే ప్రాణం తీయగలదు. తలనొప్పి, వికారం అనిపిస్తే వెంటనే ఆరుబయటికి వచ్చి, వైద్యసాయం పొందాలి.