రమణమ్మ కాగితం లెక్క

రమణమ్మ నెల్లూరు జిల్లాలో ఒక చిన్న పల్లెలో ఉంటుంది. ఆమెకు 39 ఏళ్లు. బట్టలు కుడుతుంది. 16 ఏళ్లుగా అదే పని. ఆమె కుట్టిన జాకెట్టు ఒంటికి అతికినట్టు ఉంటుందని ఊళ్లో పేరు.

కానీ ఇప్పుడు పని తగ్గింది. అందరూ రెడీమేడ్ బట్టలు కొంటున్నారు. మూడేళ్ల కింద నెలకు 6,000 రూపాయలు వచ్చేవి. ఇప్పుడు 3,500 రావడమే కష్టం. భర్త మాలకొండయ్య బస్తాలు మోస్తాడు. అతనికి నడుము నొప్పి. కూతురు ఇంటరు చదువుతోంది.

రమణమ్మ చిన్నప్పుడు బడికి పోలేదు. టేపు మీద అంకెలు తెలుసు గానీ అక్షరాలు తెలియవు. పెద్దయ్యాక రాత్రి బడిలో చేరింది. చదవడం, రాయడం నేర్చుకుంది.

తీగ దండెం

పోయిన వానాకాలంలో ఒకరోజు పక్కింటి కోడలు తడి చీర ఆరేస్తోంది. అది ఇనప తీగ దండెం. ఇంట్లోంచి స్నానాల గదికి లాగిన కరెంటు వైరు ఆ దండేనికి ఆనుకుని ఉంది. ఒరుసుకుని ఒరుసుకుని వైరు మీద తొడుగు ఊడిపోయింది. కోడలి చెయ్యి తీగకు అతుక్కుపోయింది.

కేకలు విని అత్త పరుగెత్తుకొచ్చింది. కోడల్ని పట్టి లాగబోయింది.

“అత్తా, ముట్టుకోబాకు!” అని రమణమ్మ అరిచింది. లోపలికి పరుగెత్తి మెయిన్ స్విచ్చి ఆపింది. చెయ్యి విడిపోయింది. అరచెయ్యి కాలింది. ప్రాణం దక్కింది.

ఆ రాత్రి రమణమ్మకు నిద్ర పట్టలేదు. “ఆ వైరును రోజూ చూస్తానే ఉన్నా. అది ప్రమాదమని తెలియలేదు. తెలిసుంటే ముందే చెప్పేదాన్ని గదా” అనుకుంది.

ఊళ్లో కరెంటు పని వచ్చినవాడు సుబ్బారాయుడు ఒక్కడే. ఆయనకు 60 ఏళ్లు దాటాయి. “ఆ పని నేను నేర్చుకుంటే?” అనిపించింది రమణమ్మకు.

ఇంట్లో మాట

భర్తతో ఆ మాట చెప్పింది. మాలకొండయ్య ఉలిక్కిపడ్డాడు.

“ఈ వయసులో నిచ్చెన ఎక్కుతావా? వచ్చిన పని వదిలి రాని పని వెంట పడతావా? నీకేమన్నా అయితే బిడ్డ గతేంది?” అన్నాడు.

రమణమ్మ కోపం తెచ్చుకోలేదు. ఆ మాటల్లో నిజం ఉంది. కరెంటు పనిలో ప్రాణభయం ఉంది. నెలకు వచ్చే 3,500 కూడా పోతే ఇల్లు గడవదు.

“నేను ఇంకా ఏమీ తేల్చుకోలేదయ్యా. ముందు నలుగుర్ని అడుగుతా. కాగితం మీద రాస్తా. అప్పుడు ఇద్దరం చూద్దాం” అంది.

అడిగి తెలుసుకుంది

ముందు రాత్రి బడి టీచరమ్మను అడిగింది. ఆమె ఇలా చెప్పింది.

దాదాపు ప్రతి జిల్లాలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంటుంది. బ్యాంకులు దాన్ని నడుపుతాయి. అక్కడ ఇంటి వైరింగు పని నేర్పే శిక్షణ సుమారు నెల రోజులు ఉంటుంది. ఫీజు లేదు. భోజనం, వసతి కూడా ఉచితం. కొన్ని జిల్లాల్లో జన శిక్షణ సంస్థాన్ కూడా ఉంది. పెద్ద చదువు లేనివారికి అది పనులు నేర్పుతుంది. రెండు చోట్లా వయసు పరిమితి ఉంటుంది. అందుకే ఆలస్యం చేయకుండా వెళ్లి అడగాలి.

ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ చదువు రెండేళ్లు. దానికి పదో తరగతి పాసవ్వాలి. వైర్‌మన్ చదువు కూడా రెండేళ్లే. దానికి ఎనిమిదో తరగతి చాలు. బడికి పోనివారు ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. దానికి పెద్ద వయసు అడ్డు కాదు.

టీచరమ్మ ఇంకో సంగతి చెప్పింది. రాజస్థాన్‌లో తిలోనియా అనే పల్లె ఉంది. అక్కడ 1972లో బేర్‌ఫుట్ కాలేజీ పెట్టారు. చదువు రాని పల్లెటూరి ఆడవాళ్లకు అక్కడ సూర్యరశ్మితో వెలిగే దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పారు. నేర్చుకున్నవాళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా ఉన్నారు. ఆఫ్రికా దేశాల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి నేర్చుకున్నారు.

“తెలంగాణలో ఆడవాళ్లను లైన్‌మన్ ఉద్యోగాలకు రానివ్వలేదు. కొందరు హైకోర్టుకు పోయారు. 2020లో ఇద్దరు ఆడవాళ్లు కరెంటు స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గారు” అని కూడా చెప్పింది.

తర్వాత రమణమ్మ సుబ్బారాయుడి దగ్గరికి పోయింది.

“బాబాయ్, ఈ పని ఎంత దొరుకుద్ది?” అని అడిగింది.

“నెలకు ఎనిమిది రోజులు దొరుకుద్ది అమ్మాయ్. ఎండాకాలం ఇంకాస్త ఎక్కువ. నాకు సాయం చేసేవాళ్లకు రోజుకు 500 ఇస్తా. కొత్త ఇంటి వైరింగు మనంతట మనం చేయకూడదు. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు కింద చేయాలి. ఇంకో మాట. శిక్షణ అయిపోయిందని ఒంటరిగా పోబాకు. ఏడాది నా వెంట ఉండు” అన్నాడు.

“నీకు భయం లేదా బాబాయ్?”

“ఉంది. ఆ భయమే నన్ను బతికించింది. మెయిన్ ఆపకుండా, టెస్టరు పెట్టి చూడకుండా ఏ వైరూ పట్టుకోలేదు.”

ఇల్లిల్లూ తిరిగింది

రమణమ్మ నోటు పుస్తకం పట్టుకుని 20 ఇళ్లు తిరిగింది. చూసింది చూసినట్టు రాసుకుంది.

11 ఇళ్లలో ఎర్త్ లేదు. 7 ఇళ్లలో ప్లగ్గు లేకుండానే వైరు కొనలు సాకెట్టులో దూర్చి అగ్గిపుల్ల గుచ్చారు. 9 ఇళ్లలో స్విచ్చో, ఫ్యానో పాడై ఉంది.

“పగలు మగవాళ్లు ఇంట్లో ఉండరు. కొత్త మనిషిని లోపలికి పిలవాలంటే ఎట్టానో ఉంటుంది. నువ్వైతే రా వదినా” అని చాలామంది అన్నారు. ముగ్గురు మాత్రం “ఆడమనిషి చేత కరెంటు పనా? మేం చేయించం” అన్నారు. రమణమ్మ ఆ మాట కూడా రాసుకుంది.

కాగితం లెక్క

ఆ రాత్రి భర్తను, కూతుర్ని కూర్చోబెట్టుకుని లెక్క వేసింది.

పోయేవి:
శిక్షణ నెలలో కుట్టు డబ్బు – 3,500
పనిముట్లు – 2,000
బస్సు, చేతి ఖర్చు – 500
మొత్తం – 6,000 రూపాయలు

శిక్షణ తర్వాత నెలకు వచ్చేవి:
కరెంటు పని 8 రోజులు, రోజుకు 500 – 4,000
మిగతా రోజుల్లో కుట్టు – 2,500
మొత్తం – 6,500 రూపాయలు

ఇప్పుడు వచ్చేది 3,500. అంటే నెలకు 3,000 పెరుగుతుంది. పోయిన 6,000 రెండు నెలల్లో తిరిగి వస్తుంది.

“పని సగమే దొరికితే?” అని మాలకొండయ్య అడిగాడు.

రమణమ్మ మళ్లీ లెక్క వేసింది. నాలుగు రోజులకు 2,000. కుట్టుకు 2,500. మొత్తం 4,500. అంటే పెరిగేది 1,000. అప్పుడు 6,000 తిరిగి రావడానికి ఆరు నెలలు పడుతుంది.

“అసలు దొరక్కపోతే?”

“మిషను ఉంది గదా. దాన్ని అమ్మను.”

మాలకొండయ్య కాసేపు ఊరుకున్నాడు. “డబ్బు లెక్క సరే. ప్రాణం లెక్క ఏ కాగితం మీద రాస్తావ్?” అన్నాడు.

రమణమ్మ ఆ మాటకు వెంటనే జవాబు చెప్పలేదు. కొంచెంసేపు ఆలోచించింది. కాగితం అడుగున నాలుగు మాటలు రాసింది. పైకి చదివి వినిపించింది.

“మెయిన్ ఆపకుండా పని ముట్టను. ఏడాది దాకా ఒంటరిగా పోను. తడి చేతులతో, తడి నేల మీద చేయను. స్తంభం జోలికి పోను, అది కరెంటు ఆఫీసు వాళ్ల పని.”

ఏం తేల్చుకుంది?

రమణమ్మ కుట్టు పని మానలేదు. నెల రోజుల శిక్షణకు దరఖాస్తు రాసింది. తానే రాసి సంతకం పెట్టింది. పనిముట్ల కోసం పొదుపు సంఘంలో 2,000 అప్పు అడిగింది.

ఏడాది తర్వాత ఆ కాగితం మళ్లీ తీయాలనుకుంది. పని బాగుంటే ఓపెన్ స్కూల్లో పదో తరగతి కడుతుంది. తర్వాత ఐ.టి.ఐ. సంగతి చూస్తుంది.

“అప్పటికి నీకు 45 వస్తాయే అమ్మా” అంది కూతురు.

“చదివినా వస్తాయి, చదవకపోయినా వస్తాయి” అంది రమణమ్మ.

మర్నాడు మాలకొండయ్య ఏమీ మాట్లాడలేదు. తమ ఇంటి ఇనప దండెం విప్పేశాడు. నైలాను తాడు కట్టాడు.

తెలుసుకుందాం

ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. అది ప్రాణం తీయగలదు.

ఇంటి వైరింగులో మూడు వైర్లు ఉండాలి. ఫేజు వైరులో కరెంటు వస్తుంది. న్యూట్రల్ వైరులో తిరిగి పోతుంది. మూడోది ఎర్త్. ఇస్తిరి పెట్టెకో, మోటారుకో కరెంటు పాకితే ఎర్త్ వైరు దాన్ని భూమిలోకి తీసుకుపోతుంది. మామూలుగా ఫేజు ఎర్రగా, న్యూట్రల్ నల్లగా, ఎర్త్ ఆకుపచ్చగా ఉంటాయి. కానీ రంగును నమ్మి వైరు పట్టుకోకూడదు.

మూడు పుల్లల ప్లగ్గులో పెద్ద పుల్ల ఎర్త్‌ది. అది పొడవుగా ఉంటుంది. అందుకే ముందు అదే తగులుతుంది. దాన్ని విరిచి వాడకూడదు.

ఎవరికైనా షాకు కొడితే వారిని ముట్టుకోకూడదు. ముందు మెయిన్ ఆపాలి. అది వీలుకాకపోతే పొడి నేల మీద నిలబడి, పొడి కర్రతో వైరును తప్పించాలి. 108కి ఫోను చేయాలి. వీధిలో వైరు తెగి పడితే దగ్గరికి పోకూడదు. 1912కి ఫోను చేయాలి.

మాట్లాడుకుందాం

1. మాలకొండయ్య భయం సరైందేనా? రమణమ్మ జవాబు మీకు నచ్చిందా?
2. “ఆడమనిషి చేత కరెంటు పనా?” అన్నవారికి మీరు ఏం చెబుతారు?
3. రమణమ్మ మిషను అమ్మేసి ఉంటే ఏమయ్యేది?
4. మీ ఇంట్లో ఎర్త్ ఉందా? దండెం తీగదా, తాడుదా?

రాద్దాం

మీరు నేర్చుకోవాలనుకునే పని పేరు రాయండి. కింద రెండు గళ్లు గీయండి. ఒక గడిలో పోయేవి రాయండి. రెండో గడిలో వచ్చేవి రాయండి. కూడి చూడండి. పని సగమే దొరికితే ఎంత వస్తుందో కూడా లెక్క వేయండి. ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.