రోటవేటరును శుభ్రపరచుటలో భద్రత

దమ్ము చేయునపుడు వరి కొయ్యకాళ్లు రోటవేటరు బ్లేడులకు చుట్టుకొనుట సాధారణం. ఇంజను ఆపకుండా ఆ గడ్డిని లాగివేయుటయే ప్రమాదకరం. ట్రాక్టరు పి.టి.ఓ. షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. పంచె అంచు చిక్కుకొనిన పిదప వెనుకకు లాగుకొనుటకు వ్యవధి ఉండదు. కావున పి.టి.ఓ. విడదీసి, ఇంజను ఆపి, తాళంచెవిని శుభ్రపరచు వ్యక్తియే తన వద్ద ఉంచుకొనవలెను. క్షేత్ర ప్రదర్శనలలో యంత్రాన్ని నడుపుటపై చూపు శ్రద్ధ ఆపుటపై కనబడదు.

ఇంజను ఆగినను, పైకెత్తిన రోటవేటరును నిలిపియుంచునది హైడ్రాలిక్ నూనె పీడనమే. లివరు కదిలినను, సీలు కారినను అది క్రిందికి దిగును. దిమ్మెలు అమర్చిన తరువాతనే క్రింద చేయి పెట్టవలెను. బురద మడిలో దిమ్మెలు క్రుంగును కనుక, ముందుగా యంత్రాన్ని గట్టినేలపైకి తరలించవలెను.