శిల్పంలో శైలీసంగమం

రెండు నదులు కలిసినచోటును పెద్దలు పుణ్యతీర్థమన్నారు. రెండు శిల్పసంప్రదాయాలు కలిసినచోటు కూడ అటువంటిదే. క్రీ.పూ. 332లో అలెగ్జాండరు ఈజిప్టును జయించిన పిదప, అక్కడి ఐసిస్ దేవత విగ్రహాలలో కొత్త రూపం అవతరించింది. శిరోభూషణం ఈజిప్టుది, ముఖకవళికలు, మడతలు తేరిన వస్త్రం గ్రీకు శిల్పానివి.

తెలుగునేలపై ఇటువంటి కలయికకు ఆలంపురం నిదర్శనం. నంద్యాల జిల్లా పాములపాడుకు పడమరగా, తుంగభద్రా తీరంలో ఉన్న నవబ్రహ్మాలయాలు 7, 8 శతాబ్దాలలో, బాదామి చాళుక్యుల కాలంలో వెలిశాయి. వీటిలో అధికభాగం ఉత్తరాది రేఖానాగర శిఖరాలు కలవి. తారకబ్రహ్మాలయం మాత్రం ద్రావిడ పద్ధతిలో ఉంది. నంద్యాల సమీపాన మహానంది ఆలయ శిఖరం కూడ నాగర శైలిదే.

ద్వారబంధాల వద్ద మకరవాహనంపై గంగ, కూర్మవాహనంపై యమున దర్శనమిస్తారు. ఇది గుప్తుల కాలాన ఉత్తరభారతంలో స్థిరపడిన ఆచారం. అయినా తుంగభద్ర ఒడ్డున ఆ దేవతలు పరాయివారుగా తోచరు. పరాయి సంప్రదాయాన్ని తనదిగా చేసుకోవడం అనుకరణ కాదు, సృజన.

శ్రీశైలం జలాశయం కారణంగా, కృష్ణాతుంగభద్రల సంగమమైన కూడవెల్లిలోని సంగమేశ్వరాలయానికి ముంపు వాటిల్లింది. దానిని రాయిరాయిగా విడదీసి ఆలంపురంలో పునర్నిర్మించారు. ఆలయం నిలిచింది, అది పుట్టిన నేల నీటి పాలైంది. శిల్పసంపదను రక్షించుకోవడమంటే ఎంత పోగొట్టుకొని ఎంత నిలుపుకొన్నామో ఎరిగి ఉండటం కూడ.

అర్థాలు: మకరం = మొసలి; కూర్మం = తాబేలు; ద్వారబంధం = గుమ్మపు చట్రం

ప్రశ్న: ఆలంపుర శిల్పంలోని శైలీసంగమాన్ని సోదాహరణంగా వివరించండి.