బడి పళ్ళెంలో ఇంటి తిండి

పోయిన నెల మన బడికి ఒక టీచరమ్మ వచ్చారు. ఆమె జపాన్ బడులు చూసి వచ్చారు. ఆమె చెప్పినవి, తర్వాత నేను చదివినవి కలిపి రాస్తున్నాను.

జపాన్‌లో బడి భోజనం 1889లో సురుఓకా అనే ఊరిలో మొదలైంది. పేద పిల్లలకు అన్నం ముద్దలు, ఉప్పు చేప పెట్టారంట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ తిండికి కరువొచ్చింది. విదేశాల పాలపొడి, గోధుమపిండితో బడి భోజనం నడిచింది. 1954లో చట్టం చేశారు. అయినా పెట్టేది బ్రెడ్డే. ఇంట్లో అన్నం తినే పిల్లలకు బడిలో అన్నం అధికారికంగా వచ్చింది 1976లోనే!

అక్కడ పిల్లలే వంతులవారీగా తెల్లకోటు, టోపీ వేసుకొని వడ్డిస్తరు. టీచరు కూడా అదే గదిలో అదే తిండి తింటారు. 2005లో తిండి గురించి నేర్పడానికి ఇంకో చట్టం తెచ్చారు. తమ ప్రాంతం పంట, వంట పిల్లలకు తెలియాలని అందులో ఉంది.

వాళ్ళు పచ్చి చేప తింటరంటే మనలో కొందరు నవ్వారు. "మీ ఇంటి తిండి చూసి వాళ్ళు నవ్వితే?" అని టీచరమ్మ అడిగారు. ఎవ్వరూ మాట్లాడలే.

మన దేశంలో 1995 ఆగస్టు 15న మధ్యాహ్న భోజన పథకం మొదలైంది. చాలాచోట్ల బియ్యమే ఇచ్చేవారు. వండి పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర 2003లో వండిన భోజనం వచ్చింది. 2015 నుంచి హాస్టళ్ళలో సన్నబియ్యం పెడుతున్నారు. ఇది చిన్న సంగతి కాదు. మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. మూడు పూటలా తిండి ఉంది కాబట్టే చదువుతున్నాను.

కానీ ఇంటి తిండి సంగతి ఏంది? మేము చెంచులం. మా అవ్వ నల్లమలలో నూలగడ్డలు తవ్వుతది. గడ్డ తీసుకొని తీగ మొదలు మళ్ళీ మట్టిలో పూడుస్తది, వచ్చే ఏడు ఊరాలని. ఇది సైన్సు పాఠమే గదా! అయినా సంతలో "గడ్డలు తినేటోళ్ళు" అని నవ్వుతరు. అందుకే మా చిన్నపిల్లలు, ఇంట్లో ఏం తిన్నవంటే "అన్నం, పప్పు" అని చెప్తరు.

వనపర్తి తండాల పిల్లలకు జొన్నరొట్టె ఇష్టం. గద్వాల పిల్లలు తైద అంబలి రుచి చెప్తరు. తైదల్లో బియ్యంలో కన్నా కాల్షియం ఎన్నో రెట్లు ఎక్కువ.

వార్డెన్ మేడంగారికి మనవి: వారంలో ఒక్క పూట జొన్నరొట్టె గాని అంబలి గాని పెట్టించండి. రొట్టెలు చేయడానికి మేము వంతులేసుకొని వస్తాం. మిత్రులారా, ఈ గోడపత్రిక కింద తెల్లకాగితం అంటించాను. మీ ఇంటి తిండి పేరు, అది ఏ నెలలో దొరుకుతదో రాయండి. మొదటి పేరు నేను రాసిన: నూలగడ్డ.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని