పెరటి పుదీన: ఉప్పునేలలో పెంచు విధము

నాగాయలంక ప్రాంతమున పుదీన వేసినవారు తరచుగా నొక మాట చెప్పుదురు. కార్తికమున నాటిన కొమ్మలు మాఘము వరకు దట్టముగా నల్లుకొనును. ఫాల్గునము దాటగనే ఆకుల అంచులు మాడి మొక్క యెండిపోవును. ఈ దోషమును ఎండపై మోపుట వాడుక. ఎండయు కొంత కారణమే. కాని మన పెరళ్లలో పుదీనను చంపునది పెక్కుచోట్ల ఉప్పు.

మనది కృష్ణ సముద్రమున గలియు చోటు. నేలక్రింద కొద్దిలోతుననే ఉప్పునీరు కలదు. వానలు కురియునంతకాలము, కాలువలు పారునంతకాలము మంచినీరు పైనుండి దిగి ఆ యుప్పును అడుగునకు నెట్టుచుండును. వేసవిని కాలువలు కట్టివేసిన పిదప ఈ నడక తారుమారగును. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు మెత్తని నల్లరేగడ క్రిందినీటిని పైకి లాగును. నీరు ఆవిరియై పోవును, ఉప్పు మిగులును. ఉదయమున పెరటినేలపై తెల్లని పొర కనబడుట దీని గుర్తు. ఉప్పునీటి రొయ్యల చెరువులకు చేరువనున్న పెరళ్లలో ఊటవలన ఈ బాధ మరింత హెచ్చు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సముద్రము దివిసీమపైకి ఒక్కమారుగా వచ్చినది. వేసవియుప్పు అట్లుగాక, ఏటేట చప్పుడు లేక క్రిందినుండి వచ్చును. బోరునీరు నాలుకకు ఉప్పగా దగులుచుండగా దానినే దినమునకు రెండుమారులు పోయువాడు మొక్కకు ఉప్పే పోయుచున్నాడు.

కనుక పుదీనమడిని నేలమట్టమున కట్టరాదు. మొదట పెంకుముక్కలనో ఇటుకముక్కలనో నాలుగంగుళముల మందమున పరువవలెను. పెద్ద సందులుగల ఈ పొర వత్తిని తెంచినట్లు పనిచేసి, క్రిందినీటిని పైకి రానీయదు. దానిపై రెండుపాళ్లు మంచిమన్ను, ఒకపాలు బాగుగా చివికిన పశువుల యెరువు కలిపి జానెడెత్తు పోయవలెను. మంచిమన్ను కొరకు కాలువగట్టును త్రవ్వరాదు. అది తెగినచో మునుగునది మన చేలే. చోటులేనివారు అడుగున చిల్లులు పొడిచిన పాత గోలెములు, బొక్కెనలు వాడవచ్చును. పొద్దుటియెండ తగిలి మధ్యాహ్నము గోడనీడ పడు తూర్పుదిక్కు శ్రేష్ఠము.

విత్తనము కొననక్కరలేదు. అంగడినుండి తెచ్చిన కట్టలో ముదురు కాడలను ఏరి, అడుగు ఆకులు త్రుంచి, రెండు కణుపులు మంటిలో నుండునట్లు ఏటవాలుగా బెత్తెడు దూరమున నాటవలెను. రెండువారములలోపల వేళ్లు పట్టును. సుమారు రెండు నెలలకు మొదటికోత. చేతితో పెరికినచో వేరు కదలును గావున, నేలకు రెండంగుళములు విడిచి కత్తితో కోయవలెను. కోసినపిమ్మట గుప్పెడు చివికిన యెరువు చల్లవలెను. ఆకు అడుగున తుప్పువంటి పొడి కనబడిన కొమ్మలను కోసి కాల్చవలెను. వానిని మరల నాటరాదు. పుదీన తీగలు ప్రక్కమొక్కలను క్రమ్మివేయును గనుక దానికి వేరుమడియే తగును.

నీటి సంగతి యిల్లాండ్రకు బాగుగా తెలియును. నాలుగు మూరల పొడవు, రెండు మూరల వెడల్పుగల మడికి వేసవిలో దినమునకొక బిందె చాలును. బియ్యము, కూరగాయలు కడిగిన నీరు దీనికి మిక్కిలి యనుకూలము. పాడి యున్నయింట ఆ నీటిపై మొదటి హక్కు గేదె కుడితిదే, మిగిలినదే మడికి. ఊరగాయజాడీలు కడిగిన నీరు, సబ్బునీరు పోయరాదు. సబ్బులో సోడా కలదు. అదియు నేలను చెరచును. మడిపై వరిగడ్డి పరచినచో నీరు ఆవిరిగాక నిలుచును, ఉప్పును పైకి రాదు.

చౌడుకు మందని జిప్సము చల్లువారున్నారు. అది కారుచౌడుకు పనిచేయును. తెల్లనిపొర దేలు పాలచౌడుకు మంచినీరు కట్టి, మురుగుత్రోవ నిచ్చి కడుగుటయే మార్గము. తీరపు ఇసుకనేలల తీరు వేరు. అచ్చట వాననీరు ఉప్పునీటిపై తేలి నిలుచును గనుక దొరువులు త్రవ్వి వాడుకొందురు. బాపట్ల పరిశోధకులు ఇసుకలో అడ్డముగా చిల్లుల గొట్టములు పరచి, పైనున్న మంచినీటిని మాత్రము మెల్లగా తోడు పద్ధతిని ఏర్పరచిరి.

కొత్తిమెరకును ఇట్టిమడియే కావలెను. ధనియాలను రెండుబద్దలగునట్లు నలిపి చల్లవలెను. ఎండలు ముదిరినచో అది ఆకు మాని పూతకు వచ్చును గనుక చలికాలమే అదను. కరివేప గింజను పండినవెంటనే గుజ్జు తీసి నాటవలెను, నిలువచేసినది మొలవదు. వాము ఆకు కొమ్మ గుచ్చిన బ్రతుకును, నీరును తక్కువే త్రాగును. గంగపాయలకూర ఉప్పును ఓర్చును గావున మడి కట్టుకొనలేనివారు దానిని పెంచుకొనవచ్చును.

పుదీనకషాయము కడుపుబ్బరమునకు హాయినిచ్చునని వాడుదురు. కాని పిల్లలకు విరేచనములు పట్టినపుడు దానిని నమ్మి కూర్చుండరాదు, ఓ.ఆర్.యస్. కలిపి పట్టుచు వైద్యునియొద్దకు గొనిపోవలెను.

వైశాఖమున మడియంతటికి నీరు చాలనిచో నాలుగు కుదుళ్లను గోలెములోనికి మార్చి, కుండల గట్టు చెంత నీడను ఉంచవలెను. వానలు వెనుకపట్టినపిదప మడికి కావలసిన కొమ్మలు వానినుండియే వచ్చును.