పిడికెడు చాలు, రోజూ కావాలి

ఆరోగ్యం గురించి నిర్ణయం తీసుకోవడం సులువు. దానికి కొలత పెట్టుకుని నిలబడటమే కష్టం. ఉగాది నాడో, డాక్టరు హెచ్చరించిన నాడో కిలో ఖర్జూరం, అరకిలో కిస్మిస్, పావుకిలో అంజీర్ తెచ్చేస్తాం. నాలుగు రోజులు దోసెళ్లతో తింటాం. ఆ తర్వాత డబ్బా అటకెక్కుతుంది. డబ్బు పోయింది, అలవాటు రాలేదు.

ఎండు పండ్లు మంచి ఆహారమే. ఆ మంచి మన ఒంటికి పట్టాలంటే మూడు పనులు చేయాలి. వాటిలో ఏముందో తెలుసుకోవాలి, ఎంత తినాలో తేల్చుకోవాలి, తేల్చుకున్నది రోజూ పాటించాలి. చదువులోనైనా సంపాదనలోనైనా పైకి తెచ్చే గుణం ఇదే. దాన్ని వంటింట్లోనే మొదలుపెట్టవచ్చు.

ముందు తెలుసుకోండి

ద్రాక్షపండులో ఐదింట నాలుగు వంతులు నీరే. సుమారు 4 కిలోల ద్రాక్ష ఎండితే కిలో కిస్మిస్ అవుతుంది. నీరు పోయాక చక్కెర, పీచు, పొటాషియం, ఇనుము చిక్కబడి మిగులుతాయి. అందుకే 100 గ్రాముల తాజా ద్రాక్షలో 70 కేలరీలుంటే, అంతే కిస్మిస్‌లో 300 దాకా ఉంటాయి. 100 గ్రాముల ఎండు అంజీర్‌లో దాదాపు 10 గ్రాముల పీచు, 160 మిల్లీగ్రాముల కాల్షియం దొరుకుతాయి. ఖర్జూరంలో పీచు 7, 8 గ్రాములు, పొటాషియం 700 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. దాని బరువులో 60 శాతానికి పైగా చక్కెరే. ఎండే క్రమంలో విటమిన్ సి చాలావరకు పోతుంది. కనుక ఎండు పండు తాజా పండుకు తోడుగా ఉండాలి, దాని చోటు ఆక్రమించకూడదు.

నమ్మకాన్ని లెక్కతో సరిచూడండి

ఖర్జూరం తింటే రక్తం పడుతుందని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. ఆ మాటలో కొంత నిజముంది. ఎంత నిజమో లెక్క చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫార్సుల ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పిడికెడు కిస్మిస్‌లో రకాన్ని బట్టి అర నుంచి రెండు మిల్లీగ్రాములే ఉంటుంది. ఖర్జూరంలో అంతకంటే తక్కువ. కాబట్టి రక్తహీనత ఉన్నవాళ్లు ఎండు పండ్ల మీదే భారం వేసి మందు మానకూడదు.

ఇందుకు మన కళ్లముందే ఒక ఉదాహరణ ఉంది. గర్భిణుల రక్తహీనత తగ్గించేందుకు 2022 డిసెంబరులో అప్పటి తెలంగాణ ఆరోగ్య మంత్రి, సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్‌రావు కామారెడ్డిలో కేసీఆర్ న్యూట్రిషన్ కిట్‌ను ప్రారంభించారు. మొదట 9 జిల్లాల్లో ఇచ్చారు. 2023 జూన్‌లో సిద్దిపేటతో సహా మిగతా జిల్లాలకూ విస్తరించారు. అందులో కిలో ఖర్జూరం ఉండేది. దానితోపాటు ఐరన్ సిరప్ సీసాలు, పౌష్టికాహార పొడి, నెయ్యి, నులిపురుగుల మాత్ర కూడా పెట్టారు. ఇనుము సిరప్ ఇస్తుంది, శక్తి ఖర్జూరం ఇస్తుంది, తిన్నది ఒంటికి పట్టకుండా చేసే పురుగుల సంగతి మాత్ర చూస్తుంది. ఏ లక్ష్యమైనా ఇలాగే సాధించాలి. ఒక్క మంచి అలవాటు నెత్తిన కొండంత ఆశ పెట్టకండి. దానికి తోడుగా నిలిచే అలవాట్లను కూడా కూర్చుకోండి.

ఐదు అలవాట్లు

1. కొలత పెట్టుకోండి. రోజుకు 30 గ్రాములు, అంటే చిన్న పిడికెడు. చిన్న ఖర్జూరాలైతే మూడు నాలుగు, అంజీర్ అయితే మూడు. డబ్బాలోంచి నేరుగా తినకండి. గిన్నెలో తీసుకుని, డబ్బాకు మూత పెట్టేసి తినండి.

2. జోడీ కుదర్చండి. మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి సాయం కావాలి. జామ, ఉసిరి, నిమ్మరసం అందుకు బాగా పనికొస్తాయి. చాయ్ ఆ ఇనుమును అడ్డుకుంటుంది కాబట్టి మధ్యలో గంట ఎడం ఉంచండి. కిస్మిస్‌కు వేయించిన పల్లీలు కలిపితే మాంసకృత్తులూ అందుతాయి.

3. వేళ కుదుర్చుకోండి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు నాలుగింటికి తినే బిస్కెట్ల బదులు ఈ పిడికెడు తినండి. ఎండు పండు పళ్లకు అతుక్కుంటుంది, తిన్న వెంటనే నోరు పుక్కిలించండి.

4. కొనేముందు చదవండి. రంగురంగుల టూటీ ఫ్రూటీ చక్కెర పాకంలో ఊరిన బొప్పాయి ముక్కలే. పైనాపిల్, కివీ ముక్కల ప్యాకెట్లలోనూ చాలావాటికి చక్కెర కలుపుతారు. బంగారు రంగు కిస్మిస్ మెరుపు నిలవడానికి గంధక వాయువు పట్టిస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్లు నల్ల కిస్మిస్ తీసుకోవడం మంచిది. చెమ్మ తగిలినవి, బూజు వాసన వచ్చేవి కొనకండి.

5. మన పండును మరవకండి. ఖరీదైన అంజీర్ కొనలేకపోతే లోటేమీ లేదు. సంక్రాంతి రోజుల్లో దొరికే రేగుపండ్లు ఎండబెట్టుకోవచ్చు. బెల్లం, మిరప, జీలకర్రతో దంచి రేగు వడలు పెట్టుకోవడం మనకు తెలిసిన విద్యే. పిల్లలతో కలిసి చేయండి, ఆ విద్య వాళ్లకూ అబ్బుతుంది.

కొందరికి కొలత ఇంకా తగ్గాలి. మధుమేహం ఉన్నవాళ్లు, మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించుకోవాల్సినవాళ్లు డాక్టరును అడిగాకే తినాలి. పసిపిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదముంది కనుక మెత్తగా నానబెట్టి, సన్నగా తరిగి పెట్టండి.

ఇష్టమైన తీపి ఎదురుగా ఉండగా పిడికెడుతో చేయి ఆపగలిగినవాడికి సమయం దగ్గర, డబ్బు దగ్గర, కోపం దగ్గర ఆగడం కూడా అలవడుతుంది. ఆ బలం పుట్టుకతో రాదు, రోజూ చేస్తే వస్తుంది. రేపు పొద్దున్నే ఒక చిన్న గిన్నె ఎంచుకుని దాన్నే మీ కొలతగా ఖాయం చేయండి. ఈ వారంలోనే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఇంట్లో ఆడవాళ్లందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. వచ్చిన అంకెను రాసిపెట్టుకోండి. డాక్టరు మందులు రాస్తే మానకుండా వేసుకుని, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి.